28 వారాలకే పుట్టిన పాపకు ఇంట్లో ఆక్సిజన్, అలవాటైపోతుందా?

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక తండ్రి):
నమస్కారం. మా పాప 28 వారాలకే పుట్టింది, బరువు 1,050 గ్రాములు. తొమ్మిది వారాలుగా ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ)లోనే ఉంది. ఇప్పుడు 1,900 గ్రాములయ్యింది, పాలు బాగానే తాగుతోంది. కానీ బీపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉందని, ఆక్సిజన్‌తోనే ఇంటికి పంపిస్తామని అంటున్నారు. ఒకసారి అలవాటైతే ఇక వదలదేమోనని మా అమ్మ భయం. అసలు ఆక్సిజన్ వల్లే ఊపిరితిత్తులు పాడయ్యాయని, కళ్ళు కూడా పోతాయని చుట్టాలు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (పదకొండేళ్ళుగా ఎన్ఐసీయూ నర్సు):
ఆక్సిజన్‌కు అలవాటు పడటమంటూ ఉండదండీ. మొదటి రెండేళ్ళలో ఊపిరితిత్తుల్లో కొత్త గాలిగదులు చురుగ్గా పెరుగుతాయి, అవి పెరిగేకొద్దీ అవసరం తగ్గుతుంది. చాలామంది పిల్లలకు కొన్ని నెలల్లోనే తీసేస్తారు.

చుట్టాల మాటలో సగం నిజముంది, దాచను. గాలిగదులు మూసుకుపోకుండా ఉంచే సర్ఫాక్టెంట్ 28 వారాలకు సరిపడా తయారవదు. అందుకే పుట్టగానే డొక్కలెగరేస్తారు. బతకాలంటే ఆక్సిజన్, సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం), కొందరికి వెంటిలేటర్ తప్పవు. ఆ లేత ఊపిరితిత్తులను ఆ ఒత్తిడి, ఎక్కువ ఆక్సిజన్ కొంత గాయపరుస్తాయి. 1967లో అమెరికాలో నార్త్‌వే, ఆయన సహచరులు బీపీడీని మొదటిసారి వివరించింది కూడా వెంటిలేటర్ మీద ఉన్న పిల్లల్లోనే. కానీ ఆ ఆక్సిజన్, యంత్రాలు లేకపోతే మీ పాప ఇన్నాళ్ళు ఉండేది కాదు. ఇందులో తల్లి తప్పు అసలే లేదు, ఆ మాట ఇంట్లో ఎవరినీ అననివ్వకండి.

మానిటర్ మీద రక్తంలో ఆక్సిజన్ 98 శాతమని కనబడితే తల్లిదండ్రులు సంబరపడతారు, మేం మాత్రం ఆక్సిజన్ తగ్గిస్తాం. నెలలు నిండని పిల్లలకు ఆక్సిజన్ ఇస్తున్నంతకాలం 90 నుంచి 95 మధ్య ఉంచుతాం. ఎక్కువైతే కళ్ళకు ప్రమాదం. అలాగని 85-89 దగ్గర ఉంచితే మరణాలు పెరిగాయని పరిశోధనల్లో తేలింది. ఇంటికి వెళ్ళాక ఎంత ఉండాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. ఒక తండ్రి "అలవాటు తప్పిద్దాం" అని రాత్రిళ్ళు ఆక్సిజన్ ఆపేసేవారు. నెల తర్వాత ఆ బాబు బరువు పెరగక, పెదాలు నీలంగా మారి మళ్ళీ మా దగ్గరికే వచ్చాడు. దయచేసి నాబ్ ముట్టుకోవద్దు.

జవాబు (ఇంట్లో ఆక్సిజన్‌తో బాబును పెంచిన తల్లి):
తమ్ముడూ, మా వాడు నాలుగు నెలలు ఉన్నాడు ఆక్సిజన్ మీద. స్నానం కాగానే మా అత్తయ్య సాంబ్రాణి పొగ వేయబోతే గట్టిగా ఆపాను. పొగ ఆ ఊపిరితిత్తులకు పడదు, పైగా ఆక్సిజన్ దగ్గర నిప్పు భగ్గుమంటుంది. దిష్టి తీసే కర్పూరం, దోమల బత్తి, అగరుబత్తి అన్నీ ఆ గదికి దూరం. ముక్కు ఎండిపోతుందని వ్యాజలైన్ రాయకండి. కరెంటు పోతే కాన్సెంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం) ఆగిపోతుంది కాబట్టి నిండు సిలిండర్ ఒకటి పక్కనే ఉంచుకోండి. బుగ్గల మీద ఆక్సిజన్ గొట్టానికి వేసిన టేపును తడిపి, మెల్లగా తీయండి. ఆ చర్మం ఉల్లిపొరలా ఊడొస్తుంది.

ప్రశ్న అడిగిన తండ్రి:
చాలా ధైర్యం వచ్చింది అక్కా. సాంబ్రాణి సంగతి మాకు తట్టనే లేదు. డిశ్చార్జి కాగితంలో "కంటి పరీక్ష" అని ఉంది, తేదీ దగ్గర ఖాళీ. ఇంట్లో కుదురుకున్నాక చూపిద్దామా?

జవాబు (నర్సు):
వద్దండీ, ఆగకండి. 34 వారాల్లోపు పుట్టినా, పుట్టినప్పుడు 2 కిలోల్లోపు ఉన్నా 30 రోజుల్లోగా మొదటి పరీక్ష జరగాలి. మీ పాప పుట్టినప్పుడు 1,200 గ్రాముల్లోపు కాబట్టి రెండు మూడు వారాలకే అయి ఉండాలి. రిపోర్టు అడిగి తీసుకోండి. ఆర్ఓపీ (నెలలు నిండని పిల్లల కంటి లోపలి పొర రెటీనాలో రక్తనాళాలు సరిగా పెరగని జబ్బు) ముదిరితే లేజరుకో ఇంజెక్షనుకో రెండు మూడు రోజులే వ్యవధి ఉంటుంది. బయటికి చూస్తే కన్ను మామూలుగానే ఉంటుంది, మీకు ఏమీ తెలియదు. రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా పెరిగాయని కంటి డాక్టరు చెప్పేదాకా ఏ తేదీ తప్పకూడదు. రేపు ఆ ఖాళీలో తేదీ రాయించుకున్నాకే వార్డు నుంచి కదలండి.