వైట్ ఓక్ విల్లుకి అమ్మోనియా ఆవిరి పట్టిస్తే చెక్క బలం తగ్గుతుందా?

ఓక్‌విల్లు_మల్కాజిగిరి
అందరికీ నమస్తే. ఆదివారాలు, రాత్రుళ్ళు కూర్చుని ఏడు నెలల్లో ఒక విల్లు చేశాను, 66 అంగుళాల పొడవు, నారిని 28 అంగుళాలు లాగడానికి 38 పౌండ్ల బలం కావాలి. ముషీరాబాద్ టింబర్ డిపోల్లో మూడు శనివారాలు తిరిగితే, ఫర్నిచర్ కోసం తెప్పించిన అమెరికన్ వైట్ ఓక్ పలకల్లో గ్రెయిన్, అంటే చెక్క నార గీత, ఈ చివర నుంచి ఆ చివరిదాకా నేరుగా పోయింది ఒక్కటి దొరికింది. టిల్లరింగ్, అంటే విల్లు సమంగా వంగేలా కొద్దికొద్దిగా చెక్కడం, అయిపోయింది, పిడికి అటూ ఇటూ ఉన్న రెండు లింబ్‌లూ సమంగా వంగుతున్నాయి. ఇక రంగు దగ్గర ఆగిపోయాను. మిగిలిన ముక్క మీద వాల్‌నట్ స్టెయిన్ పూసి చూస్తే ఓక్ రంధ్రాల్లోకి దిగి నల్లటి గీతలు గీతలుగా కనిపించింది, నాకు నచ్చలేదు, పైగా బ్యాక్ మీద, అంటే లాగేటప్పుడు మనకి అవతల ఉండే వైపు, గ్రెయిన్ ఎటు పోతోందో కనపడకుండా పోయింది. అమ్మోనియా ఆవిరితో ఓక్ దానంతట అదే గోధుమ రంగులోకి తిరుగుతుందని విన్నాను. టేబుల్‌కి అయితే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు, ఇది వంగాల్సిన చెక్క, ఎక్కడైనా బలహీనపడితే నా ముఖం ముందే విరుగుతుంది. ఇంతకు ముందు విల్లుకి ఎవరైనా చేశారా? ఎన్ని గంటలు ఉంచాలి? మాది అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్, ఇంట్లో నాలుగేళ్ళ బాబు ఉన్నాడు, అదొక టెన్షన్.

ఉలి_బాడిస
అన్నా, నేను ఫర్నిచర్ పని చేస్తాను, విల్లు సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు, రంగు సంగతి నేను చెప్తా. స్టెయిన్ చెక్క మీద కూర్చుంటుంది, ఇది అలా కాదు. చెక్కలో ఉన్న టానిన్, అంటే పచ్చి అరటికాయ కోస్తే నోటికి తగిలే ఆ వగరు, దానికి అమ్మోనియా తగిలి రంగు మారుతుంది. అందుకే వైట్ ఓక్‌కి ఇంత బాగా పడుతుంది, దానిలో వగరు ఎక్కువ. అమెరికాలో 1900 తర్వాత గుస్తావ్ స్టిక్లీ ఈ పద్ధతితో చేసిన ఓక్ కుర్చీలకి, బల్లలకి ఇప్పటికీ పేరుంది. గుర్రపుశాలల్లో ఓక్ పలకలు మూత్రం ఆవిరికి నల్లబడటం చూసి ఇది మొదలైందని ఒక కథ కూడా చెబుతారు.

రంగు పై పొరలో కొంత లోతుకి దిగుతుంది, స్టెయిన్‌లా గోరు తగిలితే పోదు. అయినా ఇసుక కాగితం పని మొత్తం ముందే పూర్తి చెయ్. ఆయిల్, వార్నిష్ ఏమీ పూసి ఉండకూడదు, చెమట చేతులతో పట్టుకున్న చోట కూడా మచ్చ వస్తుంది. స్టీల్ ఊల్ వాడావంటే దాని పొడి ఒక్క నలుసు మిగిలినా అక్కడ నల్ల చుక్క పడుతుంది.

ఏడడుగుల 110 ఎంఎం పీవీసీ పైపు, రెండు మూతలు తెచ్చుకో. పైపు నిలబెట్టి, కింద మూతలో చిన్న గాజు సీసాలో ఒక 50 ఎంఎల్ అమ్మోనియా పెట్టి, పై నుంచి విల్లుని నూలు తాడుతో వేలాడదీయి. పైపు గోడకి ఆనిన చోట రంగు పట్టదు కాబట్టి మధ్యలో వేలాడాలి. ఇత్తడి, రాగి ఏదీ లోపల పెట్టొద్దు, అమ్మోనియా వాటిని తినేస్తుంది. నీ విల్లు కోసిన పలక ముక్కలే రెండు మూడు ముందు పెట్టి 6 గంటలకి ఒకటి, 12 గంటలకి ఒకటి తీసి చూడు. తీయగానే బూడిద రంగులో ఉంటుంది, అది చూసి నిరాశపడకు, తడి గుడ్డతో తుడిస్తే ఆయిల్ పూశాక వచ్చే రంగు కనిపిస్తుంది.

ల్యాబ్‌లో_ఇరవయ్యేళ్ళు
పైన అన్న బాగానే చెప్పారు, నేను చెప్పేది మాత్రం దయచేసి ఒకటికి రెండుసార్లు చదవండి. కెమికల్ షాపుల్లో లైకర్ అమ్మోనియా పేరుతో దొరికేది 25 శాతం ద్రావణం. అది 38 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మన హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఎండలో ఉన్న సీసా మూత తిప్పితే లోపలి గ్యాస్ ఒక్కసారిగా ముఖం మీదకి వస్తుంది. నా కళ్ళ ముందే ఒక కుర్రాడికి అలా జరిగింది, పక్కనే కుళాయి ఉంది కాబట్టి పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్ళు కొట్టి చూపు కాపాడుకోగలిగాం.

కాబట్టి ఇప్పుడు చేయకండి, చలికాలం దాకా ఆగండి. అప్పుడు కూడా తెల్లవారుజామున, సీసాని చల్లటి నీళ్ళ బకెట్‌లో ఒక గంట ఉంచి తీయండి. కళ్ళకి పక్కలు మూసి ఉండే గాగుల్స్, చేతులకి రబ్బరు గ్లవ్స్ కావాలి. మనం కోవిడ్‌లో వాడిన ఎన్95 దుమ్మునే ఆపుతుంది, గ్యాస్‌ని ఆపదు, అమ్మోనియాకి పచ్చ రంగు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ వేరే ఉంటుంది. అమ్మోనియా గాలి కన్నా తేలిక, పైకి లేస్తుంది, మీ బాల్కనీలో తెరిస్తే నాలుగో ఫ్లోర్ వాళ్ళకి వెళ్తుంది. డాబా మీద, గాలి వచ్చే వైపు మీరు నిలబడి చేయండి. అన్నిటికన్నా ముఖ్యం, మిగిలిన ద్రావణాన్ని బాత్‌రూమ్‌లో పోయకండి. అక్కడ బ్లీచింగ్ పౌడర్ ఉంటే రెండూ కలిసి క్లోరమైన్ అనే విషవాయువు వస్తుంది. పెద్ద బకెట్ నిండా నీళ్ళలో కలిపి పల్చన చేసి డాబా మీద డ్రెయిన్‌లో వదలండి. బాబుని ఆ రోజు ఎవరైనా చుట్టాలింటికి పంపించండి.

సరదాగా ఒక మాట. పాత రోజుల్లో బిల్డింగ్ ప్లాన్‌లకి అమ్మోనియా ప్రింట్ తీసే షాపులోకి వెళ్ళినవాళ్ళకి ఈ వాసన గుర్తుండే ఉంటుంది.

వెదురుబద్ద
తమ్ముడూ, నువ్వు అడిగిన అసలు ప్రశ్నకి వస్తాను. నేను వెదురుతో, నల్లతుమ్మతో విల్లులు చేస్తాను, ఓక్‌వి రెండు ఆవిరి పట్టించాను. రెండూ విరగలేదు. కానీ ఒకటి చెడగొట్టుకున్నాను, అది ఎలాగో చెప్తా విను, ఎందుకంటే నువ్వు కూడా అదే పొరపాటు చేసే అవకాశం ఉంది.

25 శాతం అమ్మోనియా అంటే మిగతాదంతా నీళ్ళే కదా. మూసిన పైపులో చెక్క ఒక రోజంతా ఆ తేమలో ఉంటుంది, తాగుతుంది. దానికి తోడు అమ్మోనియాకి చెక్కని మెత్తబరిచే గుణం ఉంది, చెక్కని వంచడానికి దాన్ని వాడిన వాళ్ళూ ఉన్నారు. అలా తేమగా, మెత్తగా ఉన్నప్పుడు రంగు చూసిన సంబరంలో నేను నారి ఎక్కించాను. విల్లు విరగలేదు గానీ రెండు అంగుళాలు వంగి అలాగే ఉండిపోయింది, నారి తీసినా తిరిగి రాలేదు, 42 పౌండ్లది 35కి పడిపోయింది. నెలల తరబడి చేసిన పని ఒక్క పూటలో పోయింది. ఇప్పటికీ అది చూస్తే బాధ.

అందుకే వంటింటి త్రాసు మీద పైపులో పెట్టే ముందు విల్లు బరువు గ్రాముల్లో రాసుకో. తీశాక మళ్ళీ తూచు. నీడలో, గాలి తగిలేలా రెండు చోట్ల ఆనించి పడుకోబెట్టు, ఎండలో పెట్టకు, ఒక వైపే ఆరితే మెలి తిరుగుతుంది. బరువు పాత అంకెకి వచ్చి వరుసగా మూడు రోజులు కదలకుండా ఉన్నప్పుడే నారి ముట్టుకో. వానాకాలంలో ఈ పని పెట్టుకుంటే ఆ బరువు ఎప్పటికీ దిగదు. హ్యాండిల్ అంటించి ఉంటే ఆ అతుకు కూడా చూసుకో. సినూ (జంతువుల స్నాయువు నార), తోలు జిగురు ఉన్న విల్లుకి మాత్రం ఈ పని వద్దు, తేమకి ఆ జిగురు వదిలేస్తుంది.

ఓక్‌విల్లు_మల్కాజిగిరి
చాలా థాంక్స్ అండి అందరికీ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. చలికాలం దాకా ఆగుతాను. ఒక్క డౌట్ మిగిలింది, ఒక లింబ్ అంచున వేలెడు వెడల్పున తెల్లగా సాప్‌వుడ్, అంటే చేవకి బయట ఉండే లేత చెక్క, ఉంది. అది కూడా నల్లబడుతుందా?

ఉలి_బాడిస
పడదు అన్నా. వగరంతా చేవలోనే ఉంటుంది. ఆ తెల్ల భాగం అలాగే మిగిలిపోతుంది.

కరక్కాయ_రంగు
మా అమ్మ వాళ్ళది శ్రీకాళహస్తి, కలంకారీ ఇల్లు. మా దగ్గర బట్టని ముందు కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరేస్తారు. తర్వాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టిన కసిమితో గీస్తే అప్పటిదాకా లేని నలుపు అక్కడికక్కడే లేస్తుంది. కరక్కాయలో ఉన్నది కూడా మీరు చెప్పే టానినే. బట్టకి లేని వగరుని మేం పైనుంచి ఇస్తున్నాం కదా, మీ తెల్ల భాగానికీ అదే చేయండి. బేగంబజార్‌లో కరక్కాయ పొడి దొరుకుతుంది, వేడి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి వడగట్టి కుంచెతో ఆ తెల్ల భాగం మీద మాత్రమే రెండు సార్లు పూయండి. తడికి నూగు లేస్తుంది, ఆరాక మెత్తటి కాగితంతో తీసేయండి. అప్పుడు పైపులో పెట్టండి. ఇనుప గిన్నెలో మాత్రం నానబెట్టకండి, నీళ్ళే నల్లగా అయిపోతాయి.

ఓక్‌విల్లు_మల్కాజిగిరి
డిసెంబర్ అప్‌డేట్. ముక్కల మీద పరీక్ష చేస్తే 6 గంటలకి తేనె రంగు, 12కి టీ రంగు, 20కి ముదురు గోధుమ వచ్చింది. విల్లుని 20 గంటలు ఉంచాను, డాబా మీద, ఉదయం ఐదున్నరకి మొదలుపెట్టి. బాబుని అమ్మమ్మ వాళ్ళింటికి పంపాం. పెట్టే ముందు 538 గ్రాములు, తీశాక 549, పదకొండో రోజుకి 539కి వచ్చి ఆగింది. కరక్కాయ పూసిన చోటు మిగతా దాని కన్నా ఒక్క పిసరు పసుపు వైపు ఉంది, వెతికితే తప్ప కనపడదు. గ్రెయిన్ గీత గీతా కనిపిస్తోంది, నేను కోరుకున్నది అదే. నిన్న లిన్సీడ్ ఆయిల్ మొదటి పూత వేశాను. నారి ఎక్కించి త్రాసు కట్టి చూస్తే 28 అంగుళాలకి 38 పౌండ్లే ఉంది.

వెదురుబద్ద
ఆ అంకె చూసి మనసు నిండింది తమ్ముడూ. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేయకు, దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి తాడు మీద ఆరేయి, లేదంటే నీళ్ళ డబ్బాలో వేయి.