కొత్త నగరం, తెల్ల గోడలు: ఇంటి అలంకరణకు ఆలోచనలు మీకు ఎక్కడ దొరికాయి?

మూడోఅంతస్తు:
ఉద్యోగం మారి ఈ నగరానికి వచ్చి ఆరు వారాలైంది. అద్దె ఇల్లు. ఎటు చూసినా తెల్ల గోడలు, ఇంకా విప్పని అట్టపెట్టెలు. ఫోనులో రెండు వందలకు పైగా అందమైన గదుల ఫొటోలు దాచుకున్నాను, ఒక్కటీ మా గదికి అతకడం లేదు. పాత ఇంటి కర్టెన్లు తగిలిస్తే నేలకు జానెడు పైనే ఆగిపోయాయి. పొట్టి లాగు తొడిగిన పిల్లవాడిలా ఉంది కిటికీ. మీరంతా ఎక్కడ మొదలుపెట్టారు?

కిటికీపక్షి:
చిక్కంతా ఆ ఫొటోలతోనే అండీ. చాలావాటిని వైడ్ యాంగిల్ లెన్సుతో తీస్తారు, గది ఉన్నదానికంటే విశాలంగా కనిపిస్తుంది. ఛార్జర్లు, చెప్పులు, తడి తువ్వాళ్లు అన్నీ అవతలికి నెట్టేసి మరీ తీస్తారు. అలాగని మీవి చెరిపేయకండి. నేను ఒక ఇరవై ఫొటోలు పక్కపక్కన పెట్టి, అన్నింటిలో మళ్లీ మళ్లీ కనిపిస్తున్నది ఏమిటా అని చూశాను. సోఫా కాదు, గోడ రంగు కాదు. దాదాపు ప్రతిదానిలో ఒక మూల కుర్చీ, పక్కన చిన్న దీపం. నాకు కావలసింది చదువుకునే మూల ఒక్కటే అని అప్పుడు తెలిసింది. అది అమర్చుకున్నాక మిగతా ఫొటోల మీద మోజు పోయింది.

అద్దెజీవి:
సోఫా కొనే ముందు దాని కొలతకు పాత వార్తాపత్రికలు నేల మీద పరిచి, రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి. బాల్కనీ తలుపు సగమే తెరుచుకుంటుందని నాకు అలాగే తెలిసింది.

రంగులపెట్టె:
గోడల కంటే ముందు దీపాల సంగతి చూడండి. బల్బు మీదా, దాని పెట్టె మీదా వెలుతురు ఛాయను చెప్పే కెల్విన్ (K) అంకె ఉంటుంది. 2700 నుంచి 3000 అయితే పసుపు ఛాయ వెలుతురు, 4000 దగ్గర మామూలు తెలుపు, 6500 అయితే నీలం కలిసిన తెలుపు. మా పడకగదిలో 6500 ఉండేది. ఎన్ని దిండ్లు మార్చినా, ఎన్ని బొమ్మలు పెట్టినా ఆసుపత్రి వార్డులాగే ఉండేది. బల్బులు మార్చిన రాత్రి అవే గోడలు వేరేగా కనిపించాయి. ఇంటి యజమానిని అడగనక్కరలేని మార్పు కూడా.

రంగు వేయడానికి అనుమతి ఉంటే దుకాణంలోని రంగుల నమూనా చీటీ చూసి ఎంచుకోకండి, అక్కడి వెలుతురు వేరు. పెద్ద అట్ట మీద రెండు పూతలు వేసి, ఉదయం ఒక గోడకు, సాయంత్రం మరో గోడకు ఆనించి చూడండి. రాత్రి దీపం కింద కూడా.

మూడోఅంతస్తు:
ఇప్పుడే కుర్చీ ఎక్కి చూశాను. ఇల్లంతా 6500! ఇంకో సందేహం. ఆరు నెలలు ఇల్లు అలవాటయ్యే వరకు ఏమీ కొనవద్దని స్నేహితురాలు అంటోంది. నిజమేనా?

పాతపెట్టె:
నాకు ఆ సలహా అసలు గిట్టదు. అలా ఆగి ఆగి రెండేళ్లు అట్టపెట్టె మీదే కంచం పెట్టుకుని తిన్నాను. మంచం, సోఫా లాంటి పెద్దవాటికి ఆగండి, సరే. పాత ఇంటి నుంచి తెచ్చిన వాటిలో మీకు బాగా ఇష్టమైన వస్తువు ఒకటి మాత్రం తలుపు తీయగానే కంటపడేలా ఈ రోజే పెట్టండి. ఇల్లు పరాయిగా అనిపించడం చాలా తగ్గుతుంది.

ఆలోచనల కోసమైతే ఫోను పక్కన పెట్టి వీధుల్లో నడవండి. పాత భవనాల తలుపులు, గ్రంథాలయంలో దీపాలు అమర్చిన తీరు, మ్యూజియంలో నేత బట్టలు. రోజూ నేను దాటే ఒక గేటుది వెలిసిన ఆకుపచ్చ. ఆ రంగు దిండు గలీబులు వెతకడానికి మూడు నెలలు పట్టింది, కానీ ఇంట్లో నాకు ఎక్కువ నచ్చేవి అవే.

కిటికీపక్షి:
కర్టెన్ల మాట మరిచాం. పారేయకండి, కింద ముదురు రంగు బట్ట అంచుగా కుట్టించండి. కావాలని చేసినట్టే ఉంటుంది.

మూడోఅంతస్తు:
హాలులో బల్బులు మారాయి. అమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు గుమ్మం ఎదుటి బల్ల మీదికి చేరింది. అంచు బట్ట ఆదివారం కొనాలి. ఇంకా మూడు పెట్టెలు మిగిలాయి. వాటిలో ఏముందో నాకే గుర్తు లేదు.