పాత మిద్దె, పదహారేళ్ళ పిల్ల, తుఫానులో పోయిందన్న మేనత్త: నవలకు వివరాలు కావాలి

ప్రశ్న – మెట్టపల్లె

కలిగిరి పక్కన ఒక మెట్టపల్లెలో జరిగే నవల రాస్తున్నాను. కాలం 2024 నవంబరు. ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి నెల్లూరు హాస్టల్లో జ్వరపడి, కోలుకోవడానికి నాయనమ్మ ఇంటికి వస్తుంది. పాత మిద్దె, పెరట్లో ఎండిపోయిన బోరు, పొలంలో వాడకం లేని పొగాకు బ్యారన్, అంటే ఆకు కాల్చే (వేడితో ఎండబెట్టే) గది. రాత్రిపూట ఆర్పేసిన బల్బు మినుకుమంటుంది. ఉన్నట్టుండి లైట్లు భగ్గుమంటాయి. బోరు మూలుగుతుంది. బ్యారన్‌లో ఎవరో గురక పెడుతున్నట్టు ఉంటుంది. నాయన వాళ్ళక్క, అంటే ఈ పిల్లకు మేనత్త, 1989 కావలి తుఫానులో కొట్టుకుపోయిందని ఇంట్లో చెప్తారు. ఆమె ఫొటో ఒక్కటీ ఉండదు. నిజానికి ఆమె బతికే ఉంది.

కథలో దయ్యం లేదు. ప్రతి వింతకూ నిలబడే కారణం కావాలి, కానీ అది తెలిసేదాకా చదివేవాళ్ళకు భయం తగ్గకూడదు. నిజాన్ని ఆ పిల్ల తనంతట తానే, కాగితాల్లోంచి పట్టుకోవాలి. పోలీసు మామయ్య, ఆఫీసులో తెలిసినవాళ్ళు లాంటి దారులు వద్దు. బతికున్న ఆడపిల్లను పోయిందని చెప్పడానికి పరువు ఒక్కటే కారణమంటే నాకే చాలడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు – ఎల్‌టీ లైను

కరెంటు సంగతి నేను చెప్తాను. పాత ఇళ్ళ వైరింగులో స్విచ్చిని ఫేజు (కరెంటు వచ్చే తీగ) మీద కాకుండా న్యూట్రల్ (తిరిగి వెళ్ళే తీగ) మీద వేసిన చోట్లు చాలా కనిపిస్తాయి. అలాంటిచోట స్విచ్చి ఆపినా హోల్డరు దాకా ఫేజు ఉంటుంది. వైర్ల మధ్య, తేమ గోడల్లోంచి సన్నగా లీకేజీ పారుతుంది. 60 వాట్ల పాత బల్బుకు అది చాలదు, నల్లగానే ఉంటుంది. 9 వాట్ల ఎల్‌ఈడీలో మాత్రం లోపలి కెపాసిటరు మెల్లగా నిండి, ఒక్కసారి తళుక్కుమని మళ్ళీ ఖాళీ అవుతుంది. కొన్ని సెకన్లకోసారి అదే తంతు. పగలు కనపడదు. కాబట్టి పిల్ల చదువుకోవడానికని వాళ్ళ నాయన ముందుగానే ఆ గదిలో ఎల్‌ఈడీ వేయించాడని రాయండి. అప్పుడు నాయనమ్మ "నువ్వొచ్చినాకే ఇట్టాంటివన్నీ మొదలైనాయి" అంటే అది అబద్ధం కాదు. పరీక్ష సులువు: స్విచ్చి ఆపి హోల్డరులో టెస్టరు పెడితే వెలుగుతుంది. కానీ ఆ పని లైన్‌మన్ చేత చేయించండి. స్విచ్చి ఆపాం కదా అని వేలు పెడితే షాకు కొట్టేది ఈ రకం వైరింగులోనే.

లైట్లు భగ్గుమనడం వేరే సంగతి. అది స్తంభం దగ్గర న్యూట్రల్ జాయింటు తుప్పుపట్టి లూజవడం. న్యూట్రల్ సరిగా లేకపోతే ఒక్కొక్కటీ 230 వోల్టులు ఇవ్వాల్సిన మూడు ఫేజుల్లో, లోడు ఎక్కువున్నది 160కి పడిపోతుంది, తక్కువున్నది 300 దాకా లేస్తుంది. వేరే ఫేజు మీదున్న పక్కింటివాళ్ళు మోటారు వేస్తే ఈ ఇంట్లో దేవుడి గది బల్బు తెల్లగా మండుతుంది, ఫ్యాను రయ్యిమంటుంది. గాలివాన రాత్రుల్లో ఇంకా ఎక్కువ. ఇక్కడ రచయితలు పొరబడేది ఒకటుంది. మంచి డ్రైవరు (లోపల కరెంటును అదుపుచేసే సర్క్యూట్) ఉన్న ఎల్‌ఈడీ వోల్టేజి పెరిగినా దాదాపు ఒకేలా వెలుగుతుంది. పిల్ల గదిలో మార్పుండదు, దేవుడి గదిలో మిగిలిన పాత బల్బు మాత్రమే మండిపోతుంది. కథకు అదే బలం. ఆ స్థితి ఎక్కువసేపు సాగితే టీవీయో ఫ్రిజ్జో కాలిన వాసన రావాలి. రాకపోతే కరెంటు పని తెలిసినవాడు నమ్మడు.

అర్ధరాత్రి పొలంలో మనిషి లేకుండా మోటారు మొదలవడం కూడా వాడుకోండి. ఆటో స్టార్టరు ఉంటే పొలం మోటార్లకిచ్చే త్రీఫేజు కరెంటు రాగానే మోటారు దానంతటదే మొదలవుతుంది.

జవాబు – బోరుబావి

పాత మిద్దె అనగానే దూలాలు కిర్రుమంటాయని రాసేస్తారు. నవంబరులో ఆ చప్పుడు పెట్టకండి. పగలంతా కాగిన మిద్దె రాత్రి చల్లబడే వేసవిలో టేకు దూలాలు చిట్లినట్టు మోగుతాయి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, తలుపులు బిగుసుకుంటాయి. లోపల గడియ వేయకపోయినా అటక గది తలుపు రాకపోవడం, వారం ఎండ కాయగానే తనంతట తాను తెరుచుకోవడం సరైన వింత.

బోరు మూలుగు నిజంగా జరిగేదే. మెట్టలో వందల అడుగుల బోరు ఎండిపోతే ఆ గొట్టం నిండా, చుట్టూ రాతి పగుళ్ళ నిండా గాలి ఉంటుంది. పైన గట్టి మన్ను పొర ఉంటే ఆ గాలికి బోరే దారి. బయట వాతావరణ పీడనం తగ్గితే లోపలి గాలి పైకి తన్నుకొస్తుంది, పెరిగితే లోపలికి లాక్కుంటుంది. మూతలో వేలుపట్టేంత కన్నం ఉంటే ఈలో మూలుగో వస్తుంది. మామూలు రోజుల్లో కూడా రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 దాకా పీడనం కొంచెం తగ్గుతుంది కాబట్టి ఆ వేళలో సన్నగా ఊపిరి వదిలినట్టుంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం తీరానికి దగ్గరవుతుంటే పీడనం బాగా పడిపోతుంది, బోరు గంటలకొద్దీ ఆగకుండా మూలుగుతుంది. తుఫాను దాటిపోయాక తిరిగి లోపలికి పీల్చుకుంటుంది.

మీ కథకు ఇంతకంటే ఏం కావాలి? ముసలామె "ఆ బోరు ఏడస్తా ఉండాదంటే తుఫాను వస్తుందని లెక్క" అంటుంది, అది ప్రతిసారీ నిజమవుతుంది. కూతురు తుఫానులోనే పోయిందని ఊరంతా నమ్మింది. పిల్ల కన్నం మీద పల్చటి పాలిథిన్ కవరు దారంతో కట్టాలి. తుఫాను ముందు ఉబ్బుతుంది, మర్నాడు లోపలికి పీక్కుపోతుంది. ఒక్క కవరుతో గుట్టు తెలిసిపోతుంది. ఒక హెచ్చరిక: బోరు మూత తీయించకండి. ఎండిన బావిలోకి పిల్లను దించే దృశ్యం ఆలోచనలో ఉంటే మానుకోండి. అడుగున ప్రాణవాయువు లేక మనుషులు పోతారు, చూసి అనుకరించేవాళ్ళుంటారు.

బ్యారన్‌లో గురక తెల్ల గుడ్లగూబ పిల్లలది. తల్లి ఎలుకను తెచ్చేదాకా రాత్రంతా బుసకొడుతూ గురకలాంటి చప్పుడు చేస్తాయి. బ్యారన్‌కు కిటికీలుండవు, ఎత్తు ఎక్కువ, ఆకు కర్రలు వేలాడేసే వాసాలు అంతస్తులుగా ఉంటాయి. ఆ పక్షికి అంతకంటే మంచి చోటు లేదు. కింద నేల మీద బొటనవేలంత నల్లటి ఉండలు పడి ఉంటాయి. విప్పితే బూడిదరంగు వెంట్రుకల మధ్య చిన్న చిన్న పుర్రెలు, పక్కటెముకలు. మింగిన ఎలుకల్లో అరగనిదాన్ని గుడ్లగూబ కక్కిన ఉండలవి. తెలియని పిల్ల చేతిలో అలాంటిదొకటి పెట్టండి. ఆకు కాల్చడం సంక్రాంతి అటూ ఇటూ నుంచి సాగుతుంది కాబట్టి, వాడకంలో ఉన్న బ్యారనైనా నవంబరులో ఖాళీగానే ఉంటుంది.

జవాబు – పాత దస్తావేజు

మీకు కావలసిన గట్టి కారణం ఆస్తి చట్టంలో ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన 1986 సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఆ తేదీకి పెళ్ళికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు రాలేదు. మీ మేనత్తకు 1989లో ఇరవై ఏళ్ళు, పెళ్ళి కాలేదు. తాత, కొడుకు, కూతురు ముగ్గురూ భాగస్తులే. 18 ఎకరాలుంటే ఆమెది 6. ఇష్టపడినవాడితో వెళ్ళిపోతే పరువుతో పాటు ఆ ఆరెకరాలూ ఇంకో గడపకు పోతాయి. భూమి మాత్రం తరతరాలుగా వచ్చిన ఉమ్మడి ఆస్తిగా రాయండి. తాత స్వార్జితమైతే కూతురికి పుట్టుకతో వచ్చే హక్కుండదు, మీ కథ కూలిపోతుంది.

ఇంట్లోవాళ్ళు తుఫానును అడ్డం పెట్టుకున్నారు, బాగుంది. అబద్ధానికి ఒక చిల్లు ఉంచండి. ఆ తుఫాను నవంబరు 8, 9 తేదీల మధ్య కావలి దగ్గర తీరం దాటింది. సముద్రం తీసుకుపోవాలంటే ఆమె ఆ రాత్రి తుమ్మలపెంట లాంటి తీరపు ఊళ్ళో ఉండాలి. కలిగిరి మెట్ట పిల్ల అక్కడెందుకుంది? అడిగినవాళ్ళకు ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెప్తే మీ అమ్మాయికి మొదటి అనుమానం అక్కడే పుడుతుంది.

ఇక కాగితాలు. రెవెన్యూవాళ్ళ భూమి రికార్డులైన అడంగల్, 1బీ జోలికి పోకండి. వాటిలో పట్టాదారుగా తాత పేరే ఉంటుంది, కూతురి ఊసుండదు. ఆ పిల్ల చూడాల్సింది ఈసీ, అంటే ఒక భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి ఉన్న లావాదేవీలు ఊరు, సర్వే నంబరు కొడితే వస్తాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసుకు వెళ్ళాలి. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం, అంటే ఒకటో పుస్తకం, ఎవరైనా రుసుం కట్టి చూడొచ్చు. బంధువే కావాలన్న నియమం లేదు. అందులో ఒక వరుస: 1992, హక్కు విడుదల దస్తావేజు, రాసిచ్చినవారి గడిలో మేనత్త పేరు. చనిపోయిన మూడేళ్ళకు సంతకం. 1992 అంటే కంప్యూటర్లు రాకముందు చేతిరాత కాలం, తర్వాత ఇండెక్సు చూసి ఎక్కించారు కాబట్టి పేరులో ఒకటి రెండు అక్షరాలు తప్పుండాలి. అందువల్ల పిల్ల మొదటిసారి దాన్ని దాటేసి పోతుంది.

అప్పటిదాకా ఆగి 1992లోనే ఎందుకంటే, తాత కొంత భూమి అమ్మబోయాడు. కొనేవాడి వకీలు కూతురు పోయిందంటే మరణ ధ్రువపత్రం తెమ్మన్నాడు. శవం లేదు, రిజిస్టరులో నమోదు లేదు. మనిషి ఆచూకీ లేకపోతే 7 ఏళ్ళు గడిస్తేగానీ చట్టం మరణంగా ఊహించదు. ఆమెను వెతికి డబ్బిచ్చి సంతకం పెట్టించుకోవడం తప్ప తాతకు దారి లేదు. భూమి ఏ సబ్‌రిజిస్ట్రారు పరిధిలో ఉంటే దస్తావేజు అక్కడే చేయించాలి గనక, ఆమె ఆ రోజు మీ చుట్టుపక్కలకే వచ్చి కూర్చుంది. ఊళ్ళో కనీసం ఇద్దరికి తెలుసు.

మళ్ళీ అడిగింది – మెట్టపల్లె

ఇది నా కథను నిలబెట్టింది. చాలా కృతజ్ఞతలు. ఆ దస్తావేజు నకలు తీసుకున్నప్పుడు అమ్మాయి మొదటిసారి మేనత్త ఫొటో, వేలిముద్ర చూస్తుందని రాయవచ్చా?

జవాబు – పాత దస్తావేజు

ఫొటో కుదరదు. దస్తావేజుకు ఫొటోలు అంటించడం కేంద్ర చట్టంలోకి వచ్చింది 2001 సవరణతో. ఆఫీసు నకల్లో వేలిముద్ర కూడా ఉండదు. అప్పట్లో గుమాస్తా దస్తావేజును చేత్తో వాల్యూములోకి ఎక్కించేవాడు, మీకొచ్చే నకలు దాన్ని చూసి ఇచ్చేది. వేలిముద్రల రిజిస్టరు వేరుగా ఆఫీసులోనే ఉంటుంది. వేలిముద్ర కనపడాలంటే ఇంట్లో బీరువాలో ఉన్న అసలు దస్తావేజు దొరకాలి.

దొరికినప్పుడు వెనక్కి తిప్పమనండి. మొదటి కాగితం వెనక సబ్‌రిజిస్ట్రారు ఎండార్సుమెంటు (రిజిస్టరు చేసినట్టు రాసిన ధ్రువీకరణ), ఎడమ బొటనవేలి ముద్ర, పక్కన సంతకం, కింద ఆమెను ఎరుగుదుమని సంతకం చేసిన ఇద్దరి పేర్లు, ఊళ్ళు. ఆ ఇద్దరిలో ఒకరు బతికున్నారనుకోండి, తర్వాతి అధ్యాయం వాళ్ళింట్లో. స్టాంపు కాగితం వెనక అమ్మిన వెండరు ముద్ర, తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి. అది చీరాలలో కొన్నదైతే ఆమె ఎక్కడ కాపురముందో పిల్లకు తెలిసిపోతుంది. ముందువైపు మొదటి వాక్యంలోనే వయస్సు, కాపురం, "ఫలానావారి భార్య" అని రాసి ఉంటుంది. మామయ్య పేరు ఆ పిల్ల మొదట చదివేది ఆ వాక్యంలో.

తాత రిజిస్టరు వీలునామా రాసి ఉంటే అదీ పనికొస్తుంది. బతికున్నంత కాలం నకలు రాసినవారికి తప్ప ఇవ్వరు, పోయాక అడిగినవారెవరికైనా ఇస్తారు. అందులో కూతురి పేరు రాసి పెట్టాడా లేదా అన్నది మీ ఇష్టం.

జవాబు – రాత్రి డ్యూటీ

పిల్ల ఒంటి సంగతి ఎవరూ చెప్పలేదు. జ్వరం తగ్గి, నిద్ర చెడి, పరీక్షల దిగులుతో ఉన్న పదహారేళ్ళ పిల్లకు తెల్లవారుజామున మెలకువ వచ్చి కాలూ చెయ్యీ కదలకపోవడం, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండటం జరగొచ్చు. కలలొచ్చే నిద్రలో ఒళ్ళు కదలకుండా మెదడు ఆపి ఉంచుతుంది, మెలకువ ముందొచ్చి ఆ పట్టు వెనక వదలడమే అది. కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాలు. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ. ఒకటి రెండుసార్లకు మించి వాడకండి, లేకపోతే చదివేవాళ్ళు మిగతా వింతలన్నీ ఆమె భ్రమలే అనుకుంటారు.

ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్తారు, మన జిల్లాలో అది సహజం. ఆ దృశ్యాన్ని వెక్కిరింపుగా రాయకండి, అక్కడికి వచ్చేవాళ్ళ కష్టం నిజమైనది. పిల్ల ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 14416, టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, తెలుగులోనే మాట్లాడతారు.

జవాబు – అటక

కాగితాల కంటే ముందు ఇల్లే చెప్పేస్తుంది. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెడతారు కదా. తాతకు పంచె, ముత్తవ్వకు చీర పెట్టిన నాయనమ్మ ముప్పై ఐదేళ్ళలో ఒక్కసారైనా కూతురికి చీర పెట్టి ఉండదు. బతికున్న బిడ్డకు ఆ చీర ఏ తల్లీ పెట్టదు. కోడలు గమనించినా అడగదు. పిల్ల అడుగుతుంది. అయితే మీ కథ నవంబరులో మొదలవుతోంది గనక సంక్రాంతి దాకా సాగాలి.

అటక మీద ఇత్తడి బిందె పెట్టండి. అంచు కింద పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టి ఉంటాయి. పిల్ల పేరే అక్కడుండాలి, తేదీ మాత్రం ఆమె పుట్టడానికి ముందుది. మేనత్త పేరునే తండ్రి తన కూతురికి పెట్టుకున్నాడన్నమాట. బిందె నల్లబడి అక్షరాలు కనపడకపోతే చింతపండు, ఉప్పు రుద్ది కడిగితే గుంటల్లో మాత్రం నలుపు మిగిలి పేరు తేలుతుంది. తేదీని 1989 తర్వాతది చేయకండి. పోయిందని చెప్పిన మనిషి పేరుతో ఊళ్ళో పాత్ర కొట్టిస్తే దుకాణంవాడే ఊరంతా చెప్తాడు. ఆమె పెద్దమనిషైనప్పుడు మేనమామ పెట్టిన బిందెగా, 1982లో వేసుకోండి, వయసూ సరిపోతుంది.