చెన్నైలో విండ్‌సర్ఫింగ్ నేర్చుకోవడానికి అలలు లేని నీళ్లు ఎక్కడున్నాయి?

నమస్తే అండీ. ఉద్యోగం మారి గత నెలే హైదరాబాద్ నుంచి చెన్నై వచ్చాను. తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో సాగే ఈ ఆటను గోవాలో రెండు రోజులు నేర్చుకున్నాను. తాడు పట్టి తెరచాపను నీళ్లలోంచి పైకి లాగడం వచ్చింది, బోర్డును వెనక్కి తిప్పడం ఇంకా రాలేదు.

మొన్న ఆదివారం చెన్నై దగ్గరి కోవళంలో దిగాను. ఒడ్డు దగ్గరే అలలు విరుగుతున్నాయి. తెరచాప సగం లేచేలోపే బోర్డు కాళ్ల కింద నుంచి జారిపోయింది. నాలుగుసార్లూ అంతే, అరచేతులు బొబ్బలెక్కాయి.

నాకు కావలసింది నడుము లోతు నీళ్లు, 8-10 నాట్ల (గంటకు సుమారు 15-18 కి.మీ.) గాలి. ముట్టుకాడు బ్యాక్‌వాటర్ చూస్తే ఆశ పుట్టింది. కానీ అక్కడ పడవలు తిరుగుతాయి కదా, కొత్తవాళ్లను దిగనిస్తారా? మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక వెళ్లాలా, పొద్దున్నే మేలా? పెద్ద బోర్డు, చిన్న తెరచాప ఇచ్చి, పక్కనే ఉండి నేర్పేవాళ్లు తెలిస్తే దయచేసి చెప్పండి. పులికాట్ దాకా రావడానికైనా సిద్ధమే. అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు నేర్చుకోవాలని ఉంది.