ఆరు నెలలు దాటాక ఫిజియోథెరపీ మాన్పించేయొచ్చా?

మహేంద్రతనయ
మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్నగారికి 64 ఏళ్లు. ఏడు నెలల క్రితం ఒక సాయంత్రం మాట తడబడింది, కాసేపటికే కుడి వైపు పడిపోయింది, పక్షవాతం (స్ట్రోక్). బరంపురం తీసుకెళ్లాలా, సరిహద్దు దాటి శ్రీకాకుళం వెళ్లాలా అని మేం తేల్చుకునేసరికి చాలా ఆలస్యమైంది. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి ఉన్న నాలుగున్నర గంటలు దాటిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు, కాలు ఈడుస్తారు. చెయ్యి ముడుచుకుపోయి ఉంటుంది. ఫిజియో వారానికి మూడుసార్లు ఇంటికి వస్తారు, వచ్చినప్పుడల్లా 300 రూపాయలు. డబ్బు పంపేది విశాఖలో ఉన్న మా అన్నయ్య. ఆరు నెలలు దాటాక ఇక కదలిక రాదట, మాన్పించేయ్ అంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కొరాపుట్ కాఫీ
మీ అన్నయ్య మాట నిజం. మా అమ్మకి పద్నాలుగు నెలలు చేయించాం. గొలుసు, రెండు జతల గాజులు అమ్మేశాం. క్లినిక్‌లో కుర్రాడు రోజూ అరగంట కరెంటు పెట్టి, పక్కన కూర్చుని ఫోన్ చూసుకునేవాడు. మొదటి ఐదు నెలల్లో ఎంత వచ్చిందో అంతే. తర్వాత ఒక్క వేలు కూడా కొత్తగా కదల్లేదు. ఆరు నెలలే, రాసి పెట్టుకోండి.

చిత్రకొండ
మా వైపు పావురం రక్తం రాస్తారు. ఒకసారి చూడండి.

రాయగడ ఫిజియో
పావురం రక్తం దయచేసి వద్దు. దెబ్బ తగిలింది మెదడుకి. చర్మం మీద ఏం రాసినా అక్కడికి చేరదు.

మహేంద్రతనయ గారూ, నేను పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి మూడు నెలల్లో కదలిక త్వరగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఇది నిజం. కానీ నెమ్మదించడం వేరు, ఆగిపోవడం వేరు. అమెరికాలో ఎక్సైట్ అనే పరీక్ష చేశారు, 2006లో ఫలితాలు వచ్చాయి. స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిని తీసుకున్నారు. అందులో ఒక గుంపుకి బాగున్న చేతికి తొడుగు వేసి, రెండు వారాల పాటు రోజుకి ఆరు గంటల దాకా బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు. మిగతావాళ్ల కంటే వీళ్ల చెయ్యి బాగా మెరుగైంది. ఏడాది తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. అయితే వాళ్లందరికీ మణికట్టు, వేళ్లు కొంచెమైనా తెరుచుకునేవి. అసలు కదలికే లేని చేతికి ఇది చెప్పలేం. అందుకే అడుగుతున్నాను, నాన్నగారి వేళ్లు తెరుచుకుంటాయా? బంతి నొక్కిస్తున్నారా?

మహేంద్రతనయ
బొటనవేలు, చూపుడువేలు కొంచెం తెరుస్తారు. చెయ్యి బల్ల అంచున పెడితే మణికట్టు కాస్త లేపుతారు. బంతి రోజూ నొక్కిస్తున్నాం, రెండు వందల సార్లు.

రాయగడ ఫిజియో
అయితే ఆశ ఉంది. బంతి మాత్రం ఆపేయండి. ముడవడం ఆ వేళ్లకి ఇప్పటికే వచ్చు, తెరవడమే రావట్లేదు. గ్లాసు పట్టుకోవడం కన్నా వదలడం ఆయనకి కష్టంగా ఉంటుంది, గమనించండి.

టెక్కలి బస్సు
మా బాబాయి బంతితోనే బాగయ్యారు.

కొరాపుట్ కాఫీ
చూశారా? మా అమ్మకి బంతి ఇచ్చింది డాక్టరే. ఈవిడ వద్దంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? వచ్చినప్పుడల్లా 300 తీసుకునేవాళ్లు ఇక చాలు అని ఎందుకు చెప్తారు?

రాయగడ ఫిజియో
డబ్బు కోసం చెప్తున్నానంటే ఊరుకోను. మీ అమ్మగారికి కరెంటు పెట్టి ఫోన్ చూసుకున్నవాడికి ఇచ్చిన డబ్బు మొదటి నెల నుంచే దండగ. కదపాల్సింది రోగి. వారానికి మూడు అరగంటలంటే మొత్తం గంటన్నర. మిగతా టైమంతా ఆ చెయ్యి ఒళ్లో పడి ఉంటే ఎంత గొప్ప ఫిజియో వచ్చినా ఏం చేస్తారు? ఇంట్లో వాళ్లు చేయించాలి.

కొరాపుట్ కాఫీ
ఇంట్లో వాళ్లు చేయించడం గురించి మన దేశంలోనే చూశారు కదా. అటెండ్ అనే పరీక్ష, 14 ఆసుపత్రులు, 1,250 మంది స్ట్రోక్ రోగులు, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇంట్లో వాళ్లకి నేర్పించినా ఆరు నెలలకి తేడా రాలేదు. అమ్మ పోయాక కూర్చుని ఇవన్నీ చదివాను.

రాయగడ ఫిజియో
అమ్మగారి సంగతి తెలియదు, క్షమించండి.

అది నేనూ చదివాను. రెండు గుంపులకీ మామూలుగా అందే వైద్యం అందింది. ఒక గుంపులో కుటుంబానికి అదనంగా నేర్పించారు. ఆ అదనానికి మేలు కనబడలేదు. కసరత్తే దండగ అని అందులో లేదు. ఇంట్లో వాళ్లకి నేర్పితే చాలు, ఫిజియో అక్కర్లేదు అనుకోకూడదని నేను అర్థం చేసుకున్నాను.

గుణుపురం కోడలు
ఇందాకటి నుంచి ఇద్దరూ "ఇంట్లో వాళ్లు" అంటున్నారు. ఎవరు వాళ్లు? మా అత్తగారికి రెండేళ్లు నేనే చేశాను. లేపడం, స్నానం, మాత్రలు, బీపీ చూడటం, మధ్యలో ఎక్సర్‌సైజులు. ఫిజియో కాగితం మీద పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై అని రాసి వెళ్లిపోయేవారు. ఆవిడ చెయ్యి కదలకపోతే "కోడలు సరిగా చేయించట్లేదు" అని మా ఆడపడుచు ఫోన్‌లో అనేది. నా నడుము నొప్పి ఇప్పటికీ తగ్గలేదు. మహేంద్రతనయ గారూ, మీ ఇంట్లో చేసేదెవరు?

మహేంద్రతనయ
రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. అమ్మ చేస్తోంది. ఆమెకీ 58 ఏళ్లు. నేను పొద్దున కొట్టు తెరిస్తే మళ్లీ రాత్రికే ఇంటికి.

మొదట రాయలేదు గానీ అసలు గొడవ డబ్బు కాదు. నాన్న ఎడమ చేత్తో తినరు, జన్మలో తినలేదు. అందుకని అమ్మే ఏడు నెలలుగా ముద్దలు కలిపి పెడుతోంది. తినిపించడం మానేయండి, ఆయన్నే కుడి చేత్తో తిననివ్వండి అని ఫిజియో చెప్పారు. పోయిన నెల అన్నయ్య వచ్చినప్పుడు అలాగే కంచం ముందు పెట్టాం. సగం అన్నం చొక్కా మీద పడింది. నాన్న ఏడ్చేశారు. "బతికున్నన్నాళ్లు నాన్నకి ఇంత ముద్ద పెట్టలేమా" అని అన్నయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ మర్నాడే ఈ ఆరు నెలల మాట తెచ్చాడు.

కొరాపుట్ కాఫీ
మీ అన్నయ్యని తప్పు పట్టలేను. మా అమ్మకి చివరి దాకా నా చేత్తోనే తినిపించాను. అది మాని ఆవిడ చేత మెతుకులు ఏరించి ఉంటే నాకు ఇవాళ నిద్ర పట్టేది కాదు.

రాయగడ ఫిజియో
అన్నా, మీరు తినిపించింది తప్పని నేను అనను. ఈయన వేళ్లు ఇంకా తెరుచుకుంటున్నాయి, నా బాధ అదొక్కటే. పూర్తిగా వాడకుండా వదిలేస్తే ఉన్న కాస్తా వాడే అలవాటు పోతుంది.

మహేంద్రతనయ గారూ, అన్నంతో మొదలుపెట్టడమే తొందరపాటు. అన్నం కలిపి ముద్ద చేయడం చాలా కష్టమైన పని. ఇడ్లీ ముక్కో, అరటిపండు ముక్కో ఇవ్వండి, తింటుంటే దగ్గు రాకపోతేనే. మోచెయ్యి బల్ల మీద ఆనాలి. చెంచా వాడితే కాడకి గుడ్డ చుట్టి లావు చేయండి. రోజుకి ఒక్కసారి, చుట్టాలెవరూ లేని వేళ. మిగతా పూటలు అమ్మగారు తినిపించనివ్వండి. ఇంకొకటి, ఆ చెయ్యి పట్టుకుని లాగి లేపకండి, భుజం జారుతుంది. నడుము దగ్గర పట్టుకోవాలి. మీ ఫిజియోని వారానికి ఒక్కసారే వచ్చి కొత్త పని నేర్పమనండి. ఎనిమిది వారాల తర్వాత ఏం మారిందో చూసి అన్నయ్యతో మాట్లాడండి.

గుణుపురం కోడలు
ఆ ఒక్క పూట అమ్మగారు కాదు, మీరు కూర్చోండి.

కొరాపుట్ కాఫీ
బంతి సంగతి మాత్రం నేను ఒప్పుకోను.

మహేంద్రతనయ
ఇవాళ కొట్టు మూసి నాలుగింటికి నేనే కూర్చున్నాను. అమ్మని పక్కింటికి పంపాను. ఐదు ఇడ్లీ ముక్కలు పెడితే రెండు నోట్లోకి వెళ్లాయి, రెండు కింద పడ్డాయి. చివరిది పెదాల దాకా తెచ్చారు గానీ వేళ్లు వదల్లేదు. నేను సాయం చేయబోతే తల అడ్డంగా ఊపారు. చాలాసేపటికి ఆయనే వదిలారు.

అన్నయ్య శనివారం గుణుపురం ప్యాసింజర్‌లో వస్తున్నాడు. ఆ రోజు కూడా నాలుగింటికి కూర్చుంటాం.