మున్సిపల్ హైస్కూల్ మోటార్ కాలిపోయింది, కౌన్సిల్‌లో మా ఐటమ్ ఎగిరిపోయింది. మీ ఊళ్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

కాలువగట్టు
మా మున్సిపల్ హైస్కూల్లో 412 మంది పిల్లలు. మా చిన్నది ఎనిమిదో తరగతి, నేను ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) మెంబర్‌ని. దసరా సెలవులయ్యాక బడి తెరిచేసరికి బోరు మోటార్ కాలిపోయి ఉంది. ఆడపిల్లల బాత్రూముల్లో మూడు రోజులు నీళ్లు లేవు. రీవైండింగ్‌కి 6,800 అడిగారు. మా హెడ్మాస్టర్ గారు జేబులోంచి తీసిచ్చారు. అంతకుముందు వెనకవైపు ప్రహరీ కూలితే ఇటుకలు ఇప్పటికీ అక్కడే కుప్పగా ఉన్నాయి.
కౌన్సిల్ బడ్జెట్‌లో స్కూళ్ల మరమ్మతులకు రాసిన డబ్బును ‘సవరించారు’. అదే మీటింగ్‌లో ఊరి మొదట్లో ఉన్న స్వాగత తోరణానికి రంగులు, లైట్లు ఓకే అయ్యాయి.
నేను అడిగేవి మూడు. 1) ఎస్‌ఎంసీ తీర్మానం చేస్తే మున్సిపాలిటీ వినాలని రూలేమైనా ఉందా? 2) ప్రహరీకి పూర్వ విద్యార్థుల దగ్గర చందా తీసుకోవచ్చా? 3) హెడ్మాస్టర్ గారి 6,800 ఏ పద్దులో తిరిగి రాబట్టాలి?

చాక్‌పీసు
6,800కే బాధపడుతున్నారా? నేను గ్రాంట్లు రాక ముందు కరెంటు బిల్లు, చాక్‌పీసులు, జెండా పండక్కి చాక్లెట్లు అన్నీ సొంత డబ్బుతో పెట్టి, మార్చి 30న 19 వేల బిల్లులు పట్టుకుని కూర్చున్నాను. గ్రాంటు ఖాతాలో కనపడింది. 31 సాయంత్రం వరకు పీఎఫ్‌ఎంఎస్‌లో, అదే గవర్నమెంటు చెల్లింపుల వెబ్‌సైట్‌లో, ఆ చక్రం తిరుగుతూనే ఉంది. ఏప్రిల్ 1న చూస్తే బ్యాలెన్స్ సున్నా. ల్యాప్స్, గ్రాంటు వెనక్కి పోయింది. మా ఆవిడ ఇప్పటికీ ‘మీ గవర్నమెంటు మనకు బాకీ’ అంటుంది.

పన్నుకట్టేవాడు
తప్పంతా అడగని జనానిది. నేను ఏప్రిల్ 30 లోపే ఏడాది ఇంటిపన్ను మొత్తం కట్టేసి 5 శాతం రిబేటు తీసుకుంటాను. రసీదు తీసి చూసుకోండి, అందులో 8 శాతం ఎడ్యుకేషన్ సెస్ ఉంటుంది. ఆ డబ్బు ఏమవుతోంది? కమిషనర్‌ని నిలదీయండి. మోటార్ కాదు, మోటార్ కంపెనీయే కొనొచ్చు దాంతో.

పాత గుమాస్తా
పన్నుకట్టేవాడు గారూ, రసీదు మీరే ఇంకోసారి చూడండి. అది ఎడ్యుకేషన్ సెస్ కాదు, లైబ్రరీ సెస్. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు. బడికి అందులో పైసా రాదు. 22 ఏళ్లు మున్సిపల్ అకౌంట్స్ సెక్షన్‌లో చేశాను. నాకు చెప్పకండి.

పన్నుకట్టేవాడు
పేరేదైతేనేం? చదువు కోసమే కదా కట్టించుకునేది. ఇన్‌కమ్‌ట్యాక్స్‌లో కూడా కోస్తున్నారు, ఎడ్యుకేషన్ సెస్ అనే.

పాత గుమాస్తా
అది వేరే సెస్సు. 2018 నుంచి హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ సెస్, 4 శాతం, కేంద్రానిది. ఊళ్లో మున్సిపాలిటీకి దాంతో సంబంధమే లేదు. రెండూ కలిపి చెబితే కొత్తగా చదివేవాళ్లు అదే నిజమనుకుంటారు.

అరలో పుస్తకం
ఆగండాగండి. లైబ్రరీ సెస్ అన్నారు కదా గుమాస్తా గారూ. వసూలు చేసింది వసూలు చేసినట్టు జిల్లా గ్రంథాలయ సంస్థకు కడుతున్నారా మీ వాళ్లు? నేను బ్రాంచి లైబ్రరీలో పనిచేస్తాను. మా దగ్గర ఫ్యాను రెక్క విరిగి ఏడాదైంది. రెండు దినపత్రికలు మానేశాం. రోజూ పొద్దున్నే వచ్చే పెద్దాయన ఖాళీ స్టాండు చూసి తిట్టుకుంటూ పోతాడు. మున్సిపాలిటీ నుంచి రావాల్సిన బకాయి గురించి ఉత్తరాలు రాసీ రాసీ టైపిస్టు రిటైరయింది.

పాత గుమాస్తా
మున్సిపాలిటీకి జీతాలు, చెత్త బండ్ల డీజిలు, వీధి దీపాల బిల్లు ముందు. మిగిలితే మిగతావి. సెస్ ఎవరూ మింగలేదు. జనరల్ ఫండ్‌లో ‘సర్దుబాటు’ అవుతుంది.

అరలో పుస్తకం
ఇల్లు కట్టిస్తానని తీసుకున్న అడ్వాన్సును పెళ్లికి ఖర్చుపెట్టి ‘సర్దుబాటు’ అంటే ఊరుకుంటామా? మీది కాని డబ్బు అది. వసూలు చేసిపెట్టడమే మీ పని.

పాత గుమాస్తా
నన్ను దొంగనంటున్నారా? 22 ఏళ్లలో ఒక్క ఆడిట్ అభ్యంతరం నా మీద లేదు.

పన్నుకట్టేవాడు
చూశారా, నేనన్నది ఇదే! పేరు తప్పయితే అయ్యుండొచ్చు, డబ్బు మాత్రం మాయమైంది.

అరలో పుస్తకం
మీరు నా పక్షాన మాట్లాడకండి సార్. బడి డబ్బని మొదట అన్నది మీరే.

వైండింగ్ షాపు
సెస్సులు నాకు తెలియవు. మోటార్ ఎంత హెచ్‌పీ? ఒకటిన్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ అయితే 6,800 ఎక్కువ తీసుకున్నారు. అసలు రాగి తీగ వేశారా అల్యూమినియమా అడిగారా? సెలవుల్లో ఎవరో ట్యాంకు నింపుదామని ఆన్ చేసి మర్చిపోయి ఉంటారు. బోర్లో నీళ్లు అయిపోయాక ఉత్తినే తిరిగి కాలింది. ప్యానెల్‌లో డ్రై రన్ ప్రొటెక్షన్ లేకపోతే మళ్లీ కాలుతుంది. రాసిపెట్టుకోండి.

ఇద్దరు పిల్లల నాన్న
ఒక చిన్న లెక్క. పిల్లల చదువుకి తల్లులకిచ్చే తల్లికి వందనం పథకంలో 15 వేలకు 13 వేలే చేతికొచ్చాయి. మిగతా 2 వేలు బడి నిర్వహణకని పట్టుకున్నారు. 412 మందికి రెండు వేల చొప్పున 8 లక్షల 24 వేలు. మరి మోటార్‌కి డబ్బు లేదంటారేంటి? మా ఇంట్లో ఇద్దరు, మా వాటాయే 4 వేలు.

చాక్‌పీసు
నాన్నగారూ, ఆ రెండు వేలు స్కూలు ఖాతాలో పడవు. పైన ఒకచోట పోగేసి ఆయా జీతానికి, ఫినాయిల్‌కి, చీపుళ్లకి పంపిస్తారు. పైగా 412 మందీ అర్హులు కారు. మా బళ్లోనే కరెంటు యూనిట్లు దాటాయని ఓ పదిమందికి రాలేదు. ఇలాంటి ఖర్చులకి బడికి నేరుగా వచ్చేది కాంపోజిట్ గ్రాంటు, అంటే అన్ని ఖర్చులకీ కలిపి ఏడాదికిచ్చేది. సమగ్ర శిక్షా అనే కేంద్ర పథకం లెక్కలో పిల్లలు 100 దాటి 250 లోపు ఉంటే 50 వేలు, 250 దాటి వెయ్యి లోపు ఉంటే 75 వేలు. 251 మంది ఉన్న బడికీ 990 మంది ఉన్న బడికీ అదే 75 వేలు. అందులో 10 శాతం స్వచ్ఛత పనులకే పెట్టాలి. అదీ విడతలుగా. మిగిలిన దాంతో రిజిస్టర్లు, ఇంటర్నెట్టు, కరెంటు, ల్యాబ్ సామాను, మోటార్.

ఇద్దరు పిల్లల నాన్న
అయితే మా డబ్బు మా బడికి కనపడదన్నమాట. బాగుంది.

గోదారి అవతల
మా తెలంగాణలో 2024 టీచర్స్ డే నాడు సర్కారు బడులకు కరెంట్ ఫ్రీ అని ప్రకటించారు. ఒక టెన్షన్ తీరింది. అంతకుముందు బిల్లు కట్టకపోతే లైన్‌మన్ నిచ్చెన వేసుకుని వచ్చేవాడు, పిల్లలు కిటికీలోంచి చూసేవాళ్లు. మోటార్ మాత్రం మాకూ కాలుతుంది.

మాజీ వార్డు మెంబర్
అందరూ కౌన్సిల్‌ని తిడుతున్నారు కాబట్టి చెప్తున్నా. 2022 జూన్‌లో జీవో 84 వచ్చాక మున్సిపల్ స్కూళ్ల అజమాయిషీ విద్యాశాఖకు పోయింది. ఆస్తులు మాత్రం మున్సిపాలిటీవే. అంటే టీచర్ మీద మాకు అధికారం లేదు, టీచర్ నెత్తి మీద కారే శ్లాబు మాత్రం మాది. ఇంజినీరింగ్ సెక్షన్‌ని అడిగితే ‘విద్యాశాఖకు వెళ్లిపోయింది కదా’ అంటారు. ఎంఈఓని (మండల విద్యాధికారిని) అడిగితే ‘బిల్డింగు మీది కదా’ అంటారు. నేను ఒక వానాకాలం మొత్తం ఈ రెండు ఆఫీసుల మధ్య బండి వేసుకుని తిరిగాను. ఆ శ్లాబుకి చివరికి టార్పాలిన్ కట్టింది మా వార్డు టైలర్.
తోరణం సంగతంటారా, అది ఎజెండాలో ఉండదు. చివర్లో టేబుల్ ఐటమ్‌గా తెస్తారు. అప్పటికి సగం మంది భోజనాలకు లేస్తారు. ‘ఆమోదమా?’ ‘ఆమోదం.’ అయిపోయింది.

పన్నుకట్టేవాడు
మీరూ చెయ్యి ఎత్తినవాళ్లే కదా?

మాజీ వార్డు మెంబర్
ఎత్తాను. రెండుసార్లు. మా వార్డు కాలువ పని పోతుందని. తోరణం ఊరందరికీ కనపడుతుంది, బాత్రూములో నీళ్లు ఎవరికి కనపడతాయి? ఓటు అడిగేటప్పుడు ఏది చూపించాలో మీరే చెప్పండి.

సెక్షన్ 22
ఇన్ని పోస్టుల్లో ఆమె అడిగిన మొదటి ప్రశ్నకి ఒక్కరు జవాబివ్వలేదు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 21 చూడండి. ఎస్‌ఎంసీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. సెక్షన్ 22 ప్రకారం ఆ కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి. ప్రభుత్వమైనా స్థానిక సంస్థయినా ఇచ్చే గ్రాంట్లకు అదే ఆధారం. సెక్షన్ 9లో బడి భవనం సహా వసతులు కల్పించడం స్థానిక సంస్థ బాధ్యత అని కూడా ఉంది. ఉత్త తీర్మానం పంపితే ఫైల్లో పెడతారు. ప్రణాళికలో మోటార్, ప్రహరీ, అంచనా ఖర్చు రాసి, తల్లులందరి సంతకాలతో కమిషనర్‌కీ ఎంఈఓకీ ఒకేరోజు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర ఉంటే ‘మాకు అందలేదు’ అనలేరు. మేం 14 నెలలు తిరిగాం, కానీ రెండు బాత్రూములు కట్టించుకున్నాం.

పాత గుమాస్తా
ఆ చట్టం ఎనిమిదో తరగతి వరకే. హైస్కూల్‌కి వర్తించదు.

సెక్షన్ 22
ఆ హైస్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది లేవా సార్? వాళ్లు మాత్రం వేరే ట్యాంకు నీళ్లు వాడతారా?

పాత గుమాస్తా
రూలు రూలే. 22 ఏళ్లు...

చాక్‌పీసు
ఇంకోసారి 22 ఏళ్లు అంటే నేను నా 31 ఏళ్లు తీస్తాను.

వైండింగ్ షాపు
హెచ్‌పీ ఎంతో ఎవరూ చెప్పలేదు.

అమెరికా అత్తయ్య
నేను ఆ ఊరిదాన్ని కాదుగానీ నేనూ మున్సిపల్ స్కూల్లోనే చదివాను. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ప్రహరీ అంటే అరగంటలో పోగవుతాయి. కానీ పోయినసారి గేటు కట్టించి దాతల పేర్లు రాసిన రాయి పెడితే, ఎవరి పేరు పైన ఉండాలన్న గొడవలో ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. రాయి మాత్రం పెట్టొద్దు.

ఇద్దరు పిల్లల నాన్న
చందాలిచ్చి మనమే కట్టుకుంటే ఇక వాళ్లు బడ్జెట్‌లో రాయడం పూర్తిగా మానేస్తారు. ఒకసారి అలవాటు చేస్తే అంతే. నేను రూపాయి ఇవ్వను. ఆ రెండు వేల లెక్క తేలేదాకా అసలు ఇవ్వను.

అమెరికా అత్తయ్య
ఈలోగా ఆ కూలిన గోడ మీంచి పశువులు లోపలికొస్తే?

ఇద్దరు పిల్లల నాన్న
రానివ్వండి. ఫోటో తీసి కౌన్సిల్‌కి పంపుదాం.

మాజీ వార్డు మెంబర్
ఆ ఫోటో నా టైములోనూ వచ్చింది. గేదె ఐదో తరగతి గది గుమ్మంలో పడుకుని ఉంది. అందరూ నవ్వుకున్నారు, జీరో అవర్ అయిపోయింది.

కాలువగట్టు
అందరికీ థ్యాంక్స్. సెస్సు గొడవ మొత్తం చదివాను, నా రసీదు కూడా తీసి చూశాను. గుమాస్తా గారు చెప్పినట్టు అది లైబ్రరీదే.
సెక్షన్ 22 గారు చెప్పినట్టు నిన్న ప్రణాళిక రాశాం. 37 మంది తల్లులు సంతకాలు చేశారు. ఇద్దరు వేలిముద్ర వేసి, ‘రేషన్ కార్డుకి ఏమీ కాదు కదా’ అని రెండుసార్లు అడిగారు. మున్సిపల్ ఆఫీసులో కాపీ మీద ముద్ర వేయడానికి క్లర్క్ లేరన్నారు, గంటన్నర కూర్చుంటే వచ్చారు. ఎంఈఓ ఆఫీసులో వెంటనే వేశారు, కానీ తేదీ తిరగని పాత ముద్ర. కింద పెన్నుతో తేదీ రాయించుకున్నాను.
హెడ్మాస్టర్ గారి డబ్బుకి దారి ఎవరైనా చెప్తారా? ఆయన అడగరు. ఆయన కూతురి పెళ్లి మాఘమాసంలో.

చాక్‌పీసు
బిల్లు బడి పేరు మీద ఉందా, ఆయన పేరు మీద ఉందా? ఆయన పేరు మీదుంటే ఆశ వదులుకోండి. బడి పేరు మీద మళ్లీ రాయించి, ఎస్‌ఎంసీ మినిట్స్‌లో ఖర్చు ఆమోదించినట్టు రాసి, రెండో విడత గ్రాంటు పడిన రోజే పెట్టండి. ఆ రోజే. మర్నాడు అనుకోవద్దు.

కాలువగట్టు
బిల్లే లేదండీ. కాగితం మీద ‘6,800 ముట్టినవి’ అని రాసిచ్చాడు. మోటార్ ఒకటిన్నర హెచ్‌పీ.

వైండింగ్ షాపు
అనుకున్నా! కెపాసిటర్ మార్చాడా?