పోలో జీటీకి 30 వేలలో నాలుగు టైర్లు: ఆల్ సీజన్ కొనాలా?

ఎంవీపీ పోలో
అన్నలూ, నాది 2020 పోలో జీటీ కారు, టైరు సైజు 195/55 ఆర్16. బండితో వచ్చిన టైర్లే ఇప్పటిదాకా, ముందువి రెండూ గుండు అయిపోయాయి. మొన్న జోరువానలో వైజాగ్ సాగర్‌నగర్ దాటాక బీచ్ రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది, ఎటు తిప్పినా బండి వినలేదు, అంతా రెండు సెకన్లే అయినా పక్క సీట్లో అమ్మ ఉంది, ఆ టెన్షన్ ఇంకా పోలేదు. విదేశీ వీడియోల్లో అందరూ ఆల్ సీజన్ కొనమంటున్నారు. బడ్జెట్ 30 వేలు. నెలకోసారి అరకు ఘాట్ ఎక్కుతాను కాబట్టి మలుపుల్లో పట్టు కావాలి. ముందువి రెండే మారిస్తే సరిపోతుందా? అచ్యుతాపురంలో యోకోహామా ఫ్యాక్టరీ ఉంది కదా, ఆ టైర్లు మనకేమైనా తక్కువకు వస్తాయా?

గోపాలపట్నం గేర్
తమ్ముడూ, ఆల్ సీజన్ మాట మర్చిపో. మంచు పడే దేశాల్లో చలి 7 డిగ్రీల కిందకు పోతే మామూలు వేసవి టైరు రబ్బరు గట్టిపడి జారుతుంది, అందుకని వాళ్లు వేసవి టైరుకూ మంచు టైరుకూ మధ్యగా ఉండే ఈ టైరు వాడతారు. మన వైజాగ్‌లో ఆ చలి ఎక్కడిది? లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజాము ఒక్కటి తీసేస్తే నీకు ఎదురయ్యేవి ఎండ, వాన, బీచ్ రోడ్డు మీదకు గాలి తెచ్చిపోసే ఇసుక, అంతే. డబ్బు తడి రోడ్డు మీద పట్టుకు పెట్టు. అచ్యుతాపురం ఫ్యాక్టరీ మొదలైంది ట్రాక్టర్లకు, గనుల బండ్లకు వేసే టైర్లతో, కార్లవి ఈమధ్యే మొదలుపెట్టారు.

డాబాగార్డెన్స్ టైర్లు
ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను బాబూ, కాస్త ఓపిగ్గా చదువు. బ్రాండు కంటే ముందు తయారీ తేదీ చూడు. సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క భాగం మీద, డీఓటీ అనే అక్షరాల తర్వాత కోడు చివర నాలుగంకెలుంటాయి, 0925 అంటే 2025లో తొమ్మిదో వారం. ఏడాది దాటిన సరుకు వద్దను. ట్రెడ్‌వేర్ (అరుగుదల) నంబరు ఉంటే అదీ చూడు, 200 దగ్గరున్నది మెత్తన, బాగా పట్టుకుంటుంది కానీ తొందరగా అరుగుతుంది, 400 దాటినది ఎక్కువ కాలం నడుస్తుంది. దాని పక్కనే ఉండే ట్రాక్షన్ అక్షరం తడి రోడ్డు మీద బ్రేకు పట్టుకు గుర్తు, ఏఏ అన్నింటికంటే మేలు, ఏ ఉన్నా పర్లేదు, బీ వద్దు. ఇప్పుడున్న దాని మీద 87వీ అని ఉంటే అంతకు తగ్గకు, 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది, వీ అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. కాంటినెంటల్ యూసీ6, అపోలో ఆస్పైర్ 4జీ, నీ సైజులో ఏది తాజాగా దొరికితే అది తీసుకో.

రెండే మార్చాల్సి వస్తే కొత్తవి వెనక్కి వేయించు, వెనకవి ముందుకు. అందరూ ఉల్టా చేస్తారు. వానలో ముందు చక్రాలు జారితే యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు దారికొస్తుంది, వెనక జారితే బండి గిర్రున తిరుగుతుంది. అయినా నీవన్నీ ఒక వయసువే, నాలుగూ మార్చెయ్. ఘాట్ ఎక్కే బండికి అరకొర పని చేయించొద్దు.

మురళీనగర్ మామ
ఒక్క మాట. సముద్రపు గాలికి అల్లాయ్ చక్రం అంచు తుప్పుపట్టి గాలి కొద్దికొద్దిగా దిగుతుంది. టైరు విప్పినప్పుడే ఆ అంచు రుద్ది శుభ్రం చేయించు, లేకపోతే కొత్త టైరుకు కూడా వారం వారం గాలి కొట్టించాల్సి వస్తుంది. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ ఖర్చు ఆ 30 వేలలోనే లెక్కేసుకో.

ఎంవీపీ పోలో
థాంక్యూ అన్నలూ. నిన్న ఒక షాపులో నాలుగు కొత్త టైర్లూ బయట పెట్టించి ఫోన్ లైటు వేసి చూశాను. మూడింటి మీద 0925 ఉంది, నాలుగో దాని మీద 3822. అడిగితే 'అన్నీ ఒకటేనండీ' అన్నారు. వద్దని వచ్చేశాను. ఇంకో షాపువాళ్లు నాలుగూ ఈ ఏడాదివే సోమవారానికి తెప్పిస్తామన్నారు, అంచు రుద్దడం కూడా ముందే చెప్పి పెట్టాను. అప్పటిదాకా అమ్మను ఆటోలోనే తీసుకెళ్తాను.